నీలం గేటు ఎదురుగా

పెద్ద గాజు పలకను ఇద్దరు మోస్తున్నప్పుడు ఒకరు వదిలేస్తే రెండోవాళ్ళ చేతులు పోతాయి. అద్దాల కొట్టులో పనికి చేరిన మొదటి రోజే మేస్త్రి ఆమెకు చెప్పిన మాట అది. "తుమ్మొచ్చినా, వీపు దురద పెట్టినా, వెనక కొంప అంటుకున్నా సరే అమ్మాయ్, దించేదాకా వదలకూడదు" అన్నాడు. అందుకే సోమవారం పదిన్నరకి, లారీలోంచి దించిన ఆరడుగుల పలకను మేస్త్రి ముందువైపూ ఆమె వెనకవైపూ పట్టుకుని గుమ్మం దాటిస్తుండగా, ఆమె వదిలేసి వచ్చిన మొగుడు, పాప వాళ్ళ నాన్న, రోడ్డు దాటి వచ్చి చెవి మీద గుద్దినా ఆమె పలక వదల్లేదు.

మొదటి దెబ్బకు ఎవరో తెలియలేదు. రెండో దెబ్బకు తెలిసింది. తొమ్మిదేళ్ళు తిన్న పిడికిలి అది, మొహం చూడక్కర్లేదు.

"ఏడు నెలలు దాక్కుంటే దొరకవనుకున్నావా?" అన్నాడు వాడు. అరవలేదు. వాడెప్పుడూ అరవడు, కొడతాడంతే. "నలభై ఏడు బై మూడు, అద్దాల కొట్టు పైన, వెనక వాటా. నీలం గేటు ఎదురుగా. ఎక్కడే నీలం గేటు? తెల్లారినప్పటి నుంచీ కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. ఈ వీధిలో నీలం గేటన్నదే లేదు."

"బాబూ, ఒక్క నిమిషం. ఇది దించనివ్వు, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు మేస్త్రి అవతలి కొసనుంచి. ఆయన చేతులూ ఖాళీ లేవు మరి.

వాడు ఆమె మోకాలి వెనక తన్నాడు. ఆమె కూలబడుతూ కూడా పలకను తనవైపే లాక్కుంది, మేస్త్రి మీదికి పోనివ్వలేదు. గడప తగిలి అది మూడు ముక్కలైంది. ఒక ముక్క ఆమె కుడిచేతిని మోచేతి కింది నుంచి మణికట్టు దాకా చీరేసింది. లారీవాళ్ళు దిగి వచ్చి పట్టుకునేలోగా వాడు ఇంకో నాలుగు తన్నులు తన్నాడు, కడుపులో రెండు, నడుం మీద రెండు. పట్టుకున్నాక బుద్ధిమంతుడిలా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఎవరో తెచ్చి ఇచ్చారు కూడా.

పద్దెనిమిది కుట్లు పడ్డాయి. కట్టు కట్టించుకుని పోలీసు స్టేషనుకు వెళ్తే అక్కడి ఆఫీసరు కాగితం మీద నుంచి తల ఎత్తకుండా అడిగాడు.

"నీ అడ్రసు ఎవరెవరికి తెలుసు?"

"నాకు, పాపకు, మేస్త్రికి, పాప బళ్ళో టీచరుకు. మా పిన్నికి కూడా చెప్పలేదండీ."

"మరి గాలి మోసుకెళ్ళి చెప్పదు కదమ్మా. ఈ నలుగురిలో ఎవరో చెప్పి ఉండాలి. లేదా నువ్వే పిలిచి ఉండాలి. మాకివన్నీ అలవాటే. ఇవాళ తలలు పగలగొట్టుకుంటారు, ఎల్లుండి ఇద్దరూ కలిసొచ్చి కేసు వద్దంటారు."

"నేను పిలవలేదండీ."

"రేపు కోర్టులో పెడతాం. పూచీ మీద వదిలేస్తారు. జాగ్రత్తగా ఉండు" అన్నాడు. ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

నాలుగింటికి పాప బడి నుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళది. సంచీ దించకుండానే తల్లి చేతి కట్టును చూసి గుమ్మంలో ఆగిపోయింది. స్టేషను నుంచి కొట్టు దాకా ఒకటే మాట ఆమె బుర్ర తొలిచేసింది, ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు. మేస్త్రి చెప్పడు. టీచరుకు వాడెవడో తెలియదు.

"నాన్నతో మాట్లాడావా?"

పాప తల అడ్డంగా ఊపింది. తర్వాత నేల చూసింది. "నానమ్మతో. ఒక్కసారే. టీచరు ఫోన్‌లోంచి."

"ఏం చెప్పావు?"

"నానమ్మ అడిగింది, ఎక్కడున్నావే తల్లీ అని. కింద అద్దాలుంటాయని చెప్పాను. బోలెడన్ని అద్దాలని."

ఆమె ఎడం చెయ్యి లేచింది. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది వీపు మీద, మూడోది చెవి మీద పడింది, పొద్దున తనకు పడిన చోటే. నాలుగోది పడేలోగా పాప గోడవైపు తిరిగి, రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఏడవలేదు. అలా ఎలా కూర్చోవాలో దానికెవరూ నేర్పలేదు, తల్లిని చూసి నేర్చుకుంది. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ అన్నం తినలేదు. పాప ఆ తర్వాత నోరు విప్పలేదు.

మంగళవారం కుడిచెయ్యి కట్టులో ఉన్నదాన్ని గాజు కోత పనికి ఎవరు పెట్టుకుంటారు? మేస్త్రే బల్ల మీద కంబళి దులిపి, కట్టరు కొసను కిరసనాయిల్లో ముంచి, స్కేలు ఆనించి, ఒక్క గీత గీశాడు. ఒక్కటే గీయాలి. సరిగా పడలేదేమోనని రెండోసారి గీస్తే గాజు తన ఇష్టం వచ్చినట్టు విరుగుతుంది. తర్వాత అడుగునుంచి రెండుసార్లు తట్టి, బల్ల అంచున పెట్టి విరిచాడు. ఆమె ఎడం చేత్తో ముక్కలు తుడిచి, మధ్యలో కాగితం పెట్టి స్టాండులో నిలబెడుతోంది. తుడుస్తూ వీధిలోకి చూసింది. ఎదురింటి గేటు తెల్లగా కనబడింది.

తుడిచే గుడ్డ ఆగిపోయింది.

"మేస్త్రిగారూ, ఆ గేటు నీలంగా ఉండేది కదూ?"

"నువ్వు పనిలో చేరిన కొత్తలో. నెల తిరక్కుండా తెల్ల రంగేశారు. రంగు బావులేదని నేనే తిట్టాను, ఎదురింటాయన నా మాట విని మార్చాడనుకుంటా" అన్నాడు మేస్త్రి.

ఆ నెలంతా పాప ఊళ్ళో ఆమె పిన్ని దగ్గర ఉంది. అది ఈ వీధిలో అడుగుపెట్టేసరికి గేటు తెల్లగానే ఉంది. నీలం గేటు సంగతి దానికి తెలిసే దారే లేదు. మరి నీలం గేటు అని ఆమె ఎవరికి చెప్పింది? నోటితో ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి రాసింది. బ్యాంకులో అడ్రసు మార్చుకునే ఫారంలో ఇంటికి గుర్తు అని ఒక గడి ఉంటే, ఏం రాయమంటారని మేస్త్రినే అడిగింది. ఎదురుగా కొట్టొచ్చినట్టు కనబడుతోంది కదా, అదే రాసెయ్యమన్నాడు.

ఆమె ఫోన్ తీసింది. బ్యాంకు నుంచి వచ్చే మెసేజీలు ఎవరు చదువుతారు? పది రోజుల కిందటిది చదవకుండానే ఉంది. గత నెల కొందరు అపరిచితులు తమ కంప్యూటర్లలోకి చొరబడి ఖాతాదారుల వివరాలు ఎత్తుకుపోయారట. ఎవరి వివరాలేవి పోయాయో ఉత్తరం ద్వారా తెలియజేశారట. అసౌకర్యానికి చింతిస్తున్నారట. ఆమెకు ఏ ఉత్తరమూ రాలేదు.

బ్యాంకు మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, కట్టు చూసి అయ్యో అన్నాడు, కంప్యూటరు చూసి మాత్రం కాస్త ఆగాడు.

"ఉత్తరం వెళ్ళిందమ్మా. జాయింటు ఖాతా కదా, మొదటి పేరు వారి అడ్రసుకు వెళ్ళింది."

మొదటి పేరు వాడిది. రెండో పేరు ఆమెది. ఖాతా మూయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలన్నారని అలాగే వదిలేసింది.

"ఆ ఉత్తరంలో నా అడ్రసు రాశారా?"

"ఏవేం పోయాయో పట్టిక ఉంటుందమ్మా. పేరు, ఫోను, చిరునామా అని. అంతే. పూర్తి వివరాలు... ఉండవు. ఉండకూడదు." నీళ్ళు నమిలాడు. "హెడ్డాఫీసు పంపింది కదా, నేను చూడలేదు."

"నాకు చూపించండి."

"అది కుదరదమ్మా. కానీ బ్యాంకు మీలాంటివాళ్ళ కోసం ఒక ఏర్పాటు చేసింది." సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. మూడు నెలల జీతమంత డబ్బు ఇస్తారు. సంతకం పెడితే చాలు. శుక్రవారం ఆఖరు రోజు.

ఆ డబ్బుతో వేరే ఊళ్ళో గది చూసుకోవచ్చు. ఆమె ఫారం మొత్తం చదివింది. చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది: బ్యాంకు ఏ తప్పూ ఒప్పుకోవడం లేదు. ఈ విషయమై ఇకముందు ఎక్కడా, ఎవరినీ ఏమీ అడగనని ఖాతాదారు ఒప్పుకుంటున్నారు.

ఆమె ఫారం మడిచి సంచీలో పెట్టుకుంది. ఇంటికెళ్ళి పాపను కూర్చోబెట్టి చెప్పింది, నువ్వు కాదే, బ్యాంకువాళ్ళు చెప్పారు, నువ్వు కాదు అని. పాప చాలాసేపు ఆమె మొహం వంక చూసింది.

"ఊరికే అంటున్నావు" అంది. ఒక రోజంతా గడిచాక అది మాట్లాడిన మొదటి మాట. "నేను అద్దాలని చెప్పాను కదా."

తర్వాత లేచి వెళ్ళి, గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, లెక్కపెట్టినట్టు. ఆమె ఒంటి చేత్తో దాన్ని లాక్కుని ఒళ్ళో బిగించి పట్టుకుంది. పాప విదిలించుకుంటే కుట్లు రెండు తెగాయి. వదల్లేదు.

ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఉందని టీచరు చెప్పింది. బుధవారం పొద్దున్నే వెళ్ళింది. కోర్టు మెట్ల వెనక ఇరుకు గది. ఫైళ్ళ మధ్య టీ గ్లాసు పెట్టుకోవడానికి కూడా చోటు లేక లాయరమ్మ గ్లాసు చేత్తోనే పట్టుకుని విన్నది.

"సంతకం పెట్టి డబ్బు తీసుకోవచ్చు. అదేమీ పాపం కాదు, నేను తప్పు పట్టను" అంది. "వద్దంటే బ్యాంకుకే కాగితం మీద ఫిర్యాదు ఇవ్వాలి. నెల రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి ఒకాయన ఉంటాడు, ఆయన దగ్గరికి వెళ్ళొచ్చు. పైసా ఖర్చుండదు, కానీ ఆయన తీరుబడి ఆయనది. మిగతా ఖాతాదారులు కొందరు కలిసి ఒకే కేసు వేస్తున్నారు, అందులో చేరొచ్చు. కానీ చూడమ్మా, వాళ్ళకు పోయింది నంబర్లు. నీకు పోయింది ఇల్లు. నీది విడిగా వినియోగదారుల కోర్టులో వేస్తే మంచిదని నాకనిపిస్తోంది. అక్కడ నష్టమంటే డబ్బొక్కటే కాదు, ఈ చెయ్యి కూడా నష్టమే."

"కేసు వేస్తే మళ్ళీ నా అడ్రసు రాయాలి కదండీ."

"నా ఆఫీసు అడ్రసు రాస్తాం. ఇంతమంది ఆడవాళ్ళు ఈ గదిలో ఉంటున్నారంటే జడ్జిగారికే అనుమానం రావాలి." లాయరమ్మ నవ్వలేదు. "అసలు చిక్కు అది కాదు. ఆ ఉత్తరంలో నీ అడ్రసు ఉందని ఎలా చూపిస్తావు? ఉత్తరం మీ ఆయన దగ్గరుంది. వాడివ్వడు. బ్యాంకు చూపించదు."

"నాకు డబ్బు వద్దండీ. మేమే చెప్పాం అని వాళ్ళు రాసిస్తే చాలు. మా పాపకు చూపించాలి."

లాయరమ్మ గ్లాసు కింద పెట్టింది. "అది ఏ బ్యాంకూ తనంతట తాను రాసివ్వదు. కానీ నీ ఖాతాకు సంబంధించిన ప్రతి కాగితం నకలూ అడిగే హక్కు నీకుంది. మొదటి పేరైనా రెండో పేరైనా ఒకటే. అర్జీ ఇప్పుడే రాసిస్తాను, వెళ్తూ వెళ్తూ ఇచ్చెయ్. ఎల్లుండి నేనూ వస్తాను" అంది.

బ్యాంకులో పడిగాపులు పడి అర్జీ ఇచ్చి, నాలుగింటికి ఆమె కొట్టుకు చేరేసరికి వాడు అక్కడున్నాడు. పూచీ మీద వదిలేశారు కదా. బడి నుంచి వస్తున్న పాపను కొట్టు ముందే పట్టుకున్నాడు. దాని రెక్క వాడి గుప్పిట్లో ఉంది. పాప పెనుగులాడటం లేదు. అన్నిటికన్నా ఆమెను నిలువునా కోసేసింది అదే.

"నేను వచ్చేస్తాను నాన్నా" అంటోంది పాప. "అమ్మని కొట్టకు. నేను వస్తాగా."

ఆమె బల్ల మీది ఇనప స్కేలు ఎడం చేత్తో అందుకుంది. గజం పొడుగు, బరువైనది. పాపను పట్టుకున్న వాడి చేతి మణికట్టు మీద అంచుతో కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గాజు విరిగిన చప్పుడులా ఉండదు, మెత్తగా ఉంటుంది. గుప్పిట విడిపోయింది. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. అక్కడితో ఆగొచ్చు. ఆమె ఆగలేదు. భుజం మీద కొట్టింది, వీపు మీద కొట్టింది, చెవి మీద కొట్టింది. "దొరకవనుకున్నావా, దొరకవనుకున్నావా" అంటోంది. అవి వాడి మాటలు. వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు. నెత్తురు గడప మీదికి కారింది, సోమవారం నాటి మరక పక్కనే.

"చాలమ్మాయ్" అన్నాడు మేస్త్రి వెనకనుంచి స్కేలు పట్టుకుని. "చాలు. వదిలెయ్. ఇప్పుడు వదలాలి."

సాయంత్రం స్టేషనులో ఆఫీసరు ఈసారి తలెత్తి చూశాడు.

"ఇప్పుడు అతనూ కేసు పెట్టాడు. నువ్వే అడ్రసు చెప్పి పిలిపించావట. సర్దుకుపోదామని వస్తే రెండుసార్లూ నువ్వే గొడవపెట్టుకున్నావట. అతని చెయ్యి విరిగింది, తలకు తొమ్మిది కుట్లు."

"నేను పిలవలేదండీ."

"మరి ఎలా వచ్చాడన్నదే అసలు సంగతి. నువ్వు పిలిచావని తేలితే చిక్కుల్లో పడతావు. ఇనప స్కేలుతో మనిషిని కొట్టేదాని దగ్గర పిల్లను ఉంచాలా అని కూడా కోర్టు అడుగుతుంది." ఆ పిల్లను తానూ కొట్టిందని ఈయనకు తెలియదు. తెలిస్తే ఏమనేవాడో.

గురువారం కొట్టు తెరిచినా పని సాగలేదు. పాప బడికి వెళ్ళనంది. బల్ల కింద కూర్చుని పలకల మధ్య పెట్టే కాగితాలు చింపుతూ ఉంది. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

శుక్రవారం మేనేజరు గదిలో ఫారం ముందే బల్ల మీద పెట్టి ఉంది, పక్కన కలం మూత తీసి ఉంది. లాయరమ్మ కూర్చోకుండానే నకళ్ళడిగింది. కౌంటరులో పనిచేసే కళ్ళద్దాలావిడ ఓ కట్ట తెచ్చి పెట్టింది. ఖాతా తెరిచిన కాగితాలు, అడ్రసు మార్చిన ఫారం. ఉత్తరం లేదు.

"హెడ్డాఫీసు నుంచి ఇంకా రాలేదు" అన్నాడు మేనేజరు ఊపిరి పీల్చుకుని.

"అడుగున ఇంకోటుంది సార్" అంది కళ్ళద్దాలావిడ. "ఈ ఖాతా మీద పరిహారం కోసం ఇదివరకే ఒక ఫారం వచ్చింది. మొదటి పేరాయన ఇచ్చారు. అన్ని కాగితాలూ అన్నారు కదా అని అదీ తీశాను."

మేనేజరు చెయ్యి చాచేలోగా లాయరమ్మ అందుకుంది. పోయిన శనివారం తేదీతో బ్యాంకు ముద్ర ఉంది. వాడి సంతకం ఉంది. లీకు వల్ల మీకు కలిగిన నష్టం ఏమిటి అన్న గడిలో వాడి గుండ్రటి చేతిరాత ఉంది. లాయరమ్మ పైకి చదివింది.

"నా భార్య పిల్లను తీసుకుని ఇల్లు వదిలి ఏడు నెలలైంది. ఆమె అడ్రసు బ్యాంకు దగ్గర ఉండి కూడా నాకు చెప్పలేదు. మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. ఈ ఏడు నెలల మనోవేదనకు తగిన పరిహారం ఇప్పించగలరు. సోమవారం వెళ్ళి వాళ్ళను తెచ్చుకుంటాను."

ఫారంలో రుజువు జతచేయండి అని ఉంది. వాడు జతచేశాడు. వెనక పిన్ను కొట్టి ఉంది బ్యాంకు పంపిన ఉత్తరం. అందులో పట్టిక. చిరునామా అన్న మాట పక్కన అక్షరం పొల్లుపోకుండా అచ్చువేశారు, నలభై ఏడు బై మూడు, అద్దాల కొట్టు పైన, వెనక వాటా, నీలం గేటు ఎదురుగా.

"ఇరవై ఏళ్ళ నుంచి కోర్టుల్లో తిరుగుతున్నాను, ఇంత నిజాయితీపరుణ్ణి చూళ్ళేదు" అంది లాయరమ్మ. దొంగలు ఎత్తుకుపోయినవి ఏ దేశంలో ఎవడి దగ్గరున్నాయో దేవుడికే తెలియాలి. వాటివల్ల ఆమెకు వెంట్రుక కూడా ఊడలేదు. ఆమె చెయ్యి కోసింది క్షమాపణ ఉత్తరం.

"మొత్తం రెట్టింపు చేయమని పైవాళ్ళను అడుగుతాను" అన్నాడు మేనేజరు. చెమట తుడుచుకున్నాడు.

"తప్పు ఒప్పుకోవడం లేదన్న లైను తీసేస్తారా?" అంది ఆమె.

"అది తీయడానికి లేదమ్మా. అందరికీ ఒకటే ఫారం."

"అయితే నాకొద్దు." ఫారం మాత్రం మడిచి సంచీలో పెట్టుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు.

లాయరమ్మ ఒక నకలు పట్టుకుని స్టేషనుకు వెళ్ళింది, వినియోగదారుల కోర్టులో సోమవారం కేసు వేస్తానని చెప్పి. ఆఫీసరు ఆ గడిలో రాసింది రెండుసార్లు చదివి, ఆసుపత్రిలో వాడి మంచం దగ్గర కాపలాకు ఒక కానిస్టేబులును పంపాడని తర్వాత తెలిసింది.

ఆమె ఇంకో నకలు పట్టుకుని తిన్నగా ఇంటికి వచ్చింది. పాప మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని కాగితం దాని ఒళ్ళో పెట్టింది. పాప వేలుపెట్టి ఒక్కో మాటే చదువుకుంది. మనోవేదన దగ్గర ఆగి అర్థం అడిగింది. ఆమె చెప్పింది.

"ఇది నాన్న రాతే" అంది పాప.

"అవును."

"అద్దాలని నేను చెప్పినట్టు రాయలేదు."

"నువ్వు చెప్పినందువల్ల రాలేదు కాబట్టి."

పాప మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆమె దారి పొడుగునా కూర్చుకున్న మాటలు, బ్యాంకువాళ్ళ ఉత్తరంలా ఉండకూడదని ఎన్నోసార్లు మార్చుకున్నవి, ఒక్కటీ నోటికి రాలేదు.

"నేను నిన్ను కొట్టాను" అంది. "నువ్వేం చేయలేదు. అయినా కొట్టాను. తప్పు నాది."

పాప కాగితం మడిచి గట్టిగా పట్టుకుంది.

"అది కూడా రాసివ్వు" అంది.

ఆమె సంచీలోంచి ఫారం తీసి, వెనక ఖాళీ వైపు తిప్పి, మోకాలి మీద పెట్టుకుంది. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడం చేత్తో, అక్షరాలు వంకర్లు పోతుంటే, తేదీ వేసింది. ఎన్ని దెబ్బలో రాసింది, ఎక్కడెక్కడ పడ్డాయో రాసింది. కింద సంతకం పెట్టింది. పాప దాన్ని ఒకసారి సరిచూసి, బడి సంచీలో లెక్కల పుస్తకం మధ్య పెట్టుకుని, ఆకలేస్తోంది అంది.